చర్మకారుడు విధికుడు, మన హాస్టల్ యోగా క్లాసు

ఈ మధ్య మన క్యాంపస్‌లో 'మైండ్‌ఫుల్‌నెస్' అన్న మాట 'ఇంటర్న్‌షిప్' అన్న మాటతో పోటీ పడుతోంది. మిడ్స్ ముందు ఒక సెషన్, ప్లేస్‌మెంట్ సీజన్ ముందు ఇంకో సెషన్. జూన్ 21 వచ్చిందంటే గ్రౌండ్ నిండా చాపలు, తెల్ల టీషర్టులు, పైన డ్రోన్. ఫోన్ తీస్తే బుద్ధుడి బొమ్మ, దాని కింద ఒక ఇంగ్లీషు కొటేషన్. అది బుద్ధుడు అన్నాడో, నిన్నగాక మొన్న ఇంకెవరైనా అన్నారో ఎవరికీ పట్టదు. తర్వాతి రీల్‌లో వెదురు పొద, నీళ్ళ చప్పుడు, 'గో విత్ ద ఫ్లో' అని రాసుంటుంది. అది తావో అన్నమాట.

వెక్కిరించడానికి రాయట్లేదు. ఈ మూడు దారులన్నా నాకు ఇష్టమే. ఇష్టం ఉంది కాబట్టే ఒక పేచీ కూడా ఉంది. వీటిని మనం తలనొప్పి మాత్రల్లా వాడుతున్నాం. ఒత్తిడి వస్తే వేసుకుంటాం, తగ్గగానే మానేస్తాం. వేసుకోక ముందు ఎలా బతుకుతున్నామో వేసుకున్నాక కూడా అలాగే బతుకుతాం. రోజువారీ జీవితంలోకి యోగాన్నీ, బౌద్ధాన్నీ, తావోనీ తెచ్చుకోవడమంటే ఇదేనా? కాదని చెప్పే సాక్ష్యం మనకి చాలా దగ్గర్లోనే ఉంది. గుంటూరులో అమరావతి బస్సెక్కితే చాలు.

రాజధాని అమరావతి కాదు, అమరావతి ఊరు. దానికి ఆనుకునే ధరణికోట. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు గుంటూరు జిల్లా నుంచి పల్నాడు జిల్లాలోకి వెళ్ళింది. పాత పేరు ధాన్యకటకం. శాతవాహనుల కాలంలో పెద్ద పట్నం, కృష్ణ ఒడ్డున రేవు. 1962-65 మధ్య ఇక్కడ తవ్వినప్పుడు పడవలు వచ్చే కాలువ, ఇటుకలతో కట్టిన రేవు బయటపడ్డాయి. ఈరోజు వెళ్తే కనబడేవి మట్టి కోట గోడ ఆనవాళ్ళు, పొలాలు, మామూలు పల్లెటూరు. సెల్ఫీకి ఏమీ దొరకదు. పక్కనే అమరావతిలో మహాచైత్యం పునాదులు, మ్యూజియం, 125 అడుగుల ధ్యాన బుద్ధుడు. బస్సు దిగినవాళ్ళందరూ ఆ బుద్ధుడి దగ్గరకే పోతారు.

నన్ను అడిగితే మాత్రం అక్కడ చూడాల్సింది ఆ పెద్ద బుద్ధుణ్ణి కాదు, చిన్న అక్షరాల్ని.

మహాచైత్యం ఏ ఒక్క రాజు ఖజానాతోనో లేచింది కాదు. దాని రాళ్ళ మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో దాతల పేర్లు చెక్కి ఉన్నాయి. సెట్టిలు ఉన్నారు, గృహస్థులు ఉన్నారు, అత్తరు అమ్ముకునే గంధికుడు ఉన్నాడు, చలివేంద్రం లాంటి నీటి ఇంటిని చూసుకునే ఉద్యోగి ఉన్నాడు. భిక్షుణులు బోలెడుమంది, తల్లులు, కూతుళ్ళు, కోడళ్ళు. ఒక భిక్షువుకి 'నవకమ్మికుడు' అన్న హోదా ఉంది. అంటే కొత్త కట్టడాల పనులు దగ్గరుండి చూసేవాడు. మన భాషలో సైట్ ఇంజనీర్. సివిల్ బ్రాంచి వాళ్ళు కాలర్ ఎగరేయొచ్చు. ఆయనకి సన్న్యాసం ఒక పక్క, సున్నం లెక్కలు ఒక పక్క అని లేదు. రెండూ ఒకే రోజులో, ఒకే ఒంటి మీద నడిచాయి.

వీళ్ళందరిలో నాకు బాగా నచ్చినవాడు విధికుడు. వృత్తి 'చమ్మకార', అంటే చర్మకారుడు, తోలు పని చేసేవాడు. సుమారు 1800 ఏళ్ళ కిందట ఇతను పూర్ణఘటం చెక్కిన ఒక రాతి పలకని చైత్యానికి ఇచ్చాడు. ఆ శాసనంలో తన పేరొక్కటే వేయించుకోలేదు. తండ్రి నాగ ఉపాధ్యాయుడు అని చెప్పాడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, నాగ అన్న కొడుకు, కూతుళ్ళు, బంధువులు, స్నేహితులు, అందరితో కలిసి ఇస్తున్నానని చెక్కించాడు. తోలు పని చేసే ఇంట్లో తండ్రి పేరుకి 'ఉపాధ్యాయుడు' అన్న మాట ఉండటం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ తర్వాతి శతాబ్దాల్లో ఇదే పని చేసేవాళ్ళని గుడి మెట్టెక్కనివ్వని ఊళ్ళు మన చుట్టూ ఎన్ని ఉండేవో మన తాతలకి తెలుసు. కొన్ని చోట్ల మన నాన్నలకీ తెలుసు.

ఇంకో విషయం. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమరావతి శిల్పశైలి ఆధారంగా కొత్త రాజముద్ర తీసుకుంది. దాని నడుమ ఉన్నది పూర్ణఘటమే. సరిగ్గా విధికుడి పలకే అని నేననను, అక్కడ అలాంటి పలకలు చాలానే ఉన్నాయి. కానీ ఆ బొమ్మ మాత్రం అదే. మనం స్కాలర్‌షిప్ కోసం తీసుకునే ఇన్‌కమ్ సర్టిఫికెట్ మీదా, క్యాస్ట్ సర్టిఫికెట్ మీదా ఉండే గుర్తుని ఒకప్పుడు ఒక తోలు పనివాడు తన ఇంటిల్లిపాది పేరు మీద రాతిలో చెక్కించి ఇచ్చాడు. ఈసారి జిరాక్స్ తీయిస్తున్నప్పుడు ఒకసారి చూడండి.

ఆ తర్వాత ఆ రాళ్ళకి ఏమైందో మనకి తెలిసిన కథే. 1790ల్లో వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతిలో పట్నం కడుతున్నప్పుడు ఆ దిబ్బని ఇటుకల కోసం, రాళ్ళ కోసం తవ్వారు. 1797లో కోలిన్ మెకంజీ చూడటానికి వచ్చేసరికే చాలా పోయింది. కొన్ని మెట్లయ్యాయి, కొన్ని బట్టీలో సున్నమయ్యాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి ముందు మద్రాసుకి, అక్కణ్ణుంచి చాలావరకు లండన్‌కి వెళ్ళాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో 120కి పైగా ముక్కలున్నాయి. దీని మీద కోపం తెచ్చుకోవడం తేలిక, నాకూ వస్తుంది. కానీ రాళ్ళు లండన్ పోయాయన్న బాధ ఉన్నంతగా, ఆ రాళ్ళ మీది మనుషులు మన బుర్రల్లోంచి పోయారన్న బాధ మనకి లేదు. ఒక తోలు పనివాడి ఇంటికీ, ఒక అత్తరు వ్యాపారికీ, ఒక సైట్ ఇంజనీర్‌కీ సంబంధించిన వ్యవహారం ఇవాళ రిసార్ట్ వాళ్ళ 'వెల్‌నెస్ ప్యాకేజీ' అయిపోయింది.

ఇక తావో సంగతి. ధరణికోటకీ తావోకీ ఏం సంబంధం అని అడుగుతారు. ఉంది, అది కూడా చాలా ముచ్చటైన సంబంధం.

హుయాన్‌త్సాంగ్ పేరు మనం ఏడో తరగతిలో నాలుగు మార్కుల ప్రశ్నకి బట్టీ పట్టాం. ఆయన 639 ప్రాంతంలో ధాన్యకటక దేశానికి వచ్చాడు. (ఆయన చెప్పిన రాజధాని ధరణికోటా, బెజవాడా అని పందొమ్మిదో శతాబ్దపు పండితులు కొట్టుకున్నారు. రాజధాని ఎక్కడన్న గొడవ మనకి కొత్త కాదు!) అప్పటికే చాలా ఆరామాలు పాడుపడ్డాయని, ఇరవై దాకా మాత్రం నడుస్తున్నాయని, వాటిలో వెయ్యి మంది వరకు భిక్షువులున్నారని రాశాడు. ఆయన జీవిత చరిత్రలో ఇంకో వివరం ఉంది. ఇక్కడ సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువుల దగ్గర కొన్ని నెలలు ఉండి మహాసాంఘికుల అభిధర్మం నేర్చుకున్నాడు. ఊరికే నేర్చుకుని పోలేదు, తనకి తెలిసిన మహాయాన శాస్త్రాలు వాళ్ళకి చెప్పాడు. చెరో సబ్జెక్టు చదివొచ్చి పరీక్ష ముందు రాత్రి ఒకరికొకరు చెప్పుకునే మన కంబైన్డ్ స్టడీ లాంటిదే. కాకపోతే వాళ్ళది నెలల తరబడి.

చైనాకి తిరిగి వెళ్ళాక 647లో ఆయన మీద ఒక పని పడింది. కామరూప రాజు భాస్కరవర్మ, అంటే ఇప్పటి అస్సాం వైపు రాజు, లావోత్సు గ్రంథం సంస్కృతంలో కావాలని అడిగాడు. తాయ్‌జోంగ్ చక్రవర్తి ఆ 'తావో తె చింగ్' అనువాదాన్ని హుయాన్‌త్సాంగ్‌కీ, తావో పండితులకీ కలిపి అప్పజెప్పాడు. మొదటి మాట దగ్గరే పేచీ వచ్చింది. 'తావో'ని సంస్కృతంలో ఏమనాలి? తావో పండితులు 'బోధి' అనమన్నారు. హుయాన్‌త్సాంగ్ ఒప్పుకోలేదు. 'మార్గం' అనాలన్నాడు. బోధి అంటే తెలియడం, మేలుకోవడం. తావో అంటే దారి. రెండూ ఒకటి కాదని పట్టుబట్టాడు. ఆ అనువాదం ఇప్పుడు దొరకట్లేదు. పేచీ మాత్రం మిగిలింది.

ఈ కథలో నాకు రెండు సంగతులు ముఖ్యం. ఒకటి, 'అన్నీ ఒకటే చెప్తాయి బ్రో' అన్న మాటని ఆయన ఒప్పుకోలేదు. మన సెషన్లలో ఎక్కువగా వినబడేది ఈ మాటే. అన్నీ ఒకటే చెప్పవు. పతంజలి యోగం చిత్తవృత్తుల్ని ఆపి, చూసేవాణ్ణి విడిగా నిలబెట్టాలంటుంది. బౌద్ధం ఆ చూసేవాణ్ణి కూడా పట్టి చూడు, లోపల ఎవరూ లేరంటుంది. తావో ఆపడాలూ విడదీయడాలూ ఎందుకు, ముందు అడ్డు తప్పుకో అంటుంది. జువాంగ్జీ గ్రంథంలో పనితనానికి ఆదర్శంగా చూపించినవాడు ఎద్దుని కోసే వంటవాడు. బౌద్ధం చేయకూడదన్న వ్యాపారాల్లో మాంసం అమ్మకం ఉంది. ఇవన్నీ కలిపి మిక్సీలో వేస్తే వచ్చేది జ్ఞానం కాదు, స్మూతీ. తేడాలు తెలిసి తీసుకుంటేనే దేన్ని ఎప్పుడు ఎందుకు తీసుకుంటున్నామో తెలుస్తుంది.

రెండోది, 'మార్గం' అన్న మాట ఆయన ఎంచుకోవడం. తెలుసుకోవడం ఒక్క క్షణంలో అయిపోవచ్చు, రీల్ చూసినప్పుడు మనకీ ఒక్కోసారి అయినట్టే ఉంటుంది. దారి అలా కాదు, నడవాలి. నిన్న నడిచింది ఇవాళ్టికి పనికిరాదు. ఎవరితో నడుస్తున్నాం, కాళ్ళ కింద ఏం పడుతోంది, ఇవన్నీ చూసుకోవాలి.

సరే, హాస్టల్‌కి వద్దాం.

యోగా అంటే ఆసనాలే అనుకుంటాం కదా. యోగసూత్రాలు మొత్తం 195 చిల్లర. వాటిలో ఆసనం గురించి ఉన్నవి మూడే మూడు. ఎనిమిది అంగాల్లో ఆసనం మూడోది. మొదటి అంగం యమం: అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం. ఈ వరసకి అర్థం ఉంది. పక్కవాడి ల్యాబ్ రికార్డు కాపీ కొట్టి, ఫ్రెండ్‌కి ప్రాక్సీ పలికి, ఆ తర్వాత పద్మాసనం వేసేవాడు మూడో అంతస్తు నుంచి ఇల్లు కట్టడం మొదలెట్టాడన్నమాట. 2025 జూన్ 21న విశాఖ తీరంలో దాదాపు మూడు లక్షల మంది ఒకేసారి ఆసనాలు వేశారు. చూడ్డానికి గొప్పగా ఉంది, ఒళ్ళు కదిలించడం మంచిదే, నేనూ కాదనను. ఒకే రోజు మూడు లక్షల మంది అస్తేయం పాటిస్తే ఎలా ఉంటుందో కూడా ఊహించండి. డ్రోన్ షాట్‌లో కనబడదు. రికార్డు పుస్తకంలోకీ ఎక్కదు.

అస్తేయం అంటే జేబు కొట్టకపోవడం ఒక్కటే కాదు. గ్రూప్ ప్రాజెక్టులో కోడ్ మొత్తం ఒకమ్మాయి రాస్తే, ప్రెజెంటేషన్‌లో ముందు నిలబడి మాట్లాడేది ఇంకొకడు. అది దొంగతనం. ఆ అమ్మాయి పేరు మొదట చెప్పడం యోగాభ్యాసం. దీనికి చాప కూడా అక్కర్లేదు.

బౌద్ధంలోంచి నేను ప్రతి సెమిస్టర్ గుర్తు చేసుకునే కథ సోణుడిది. బాగా డబ్బున్న ఇంటి కుర్రాడు, భిక్షువయ్యాడు. ఎంత పట్టుదలంటే అటూ ఇటూ నడుస్తూ ధ్యానం చేసీ చేసీ అరికాళ్ళు పగిలి నెత్తురు కారింది. అయినా ఏమీ రాలేదు. ఇక ఇంటికి పోదాం అనుకుంటున్నప్పుడు బుద్ధుడు వచ్చి, నువ్వు ఇంట్లో వీణ వాయించేవాడివి కదా, తీగ మరీ బిగిస్తే పలికేదా, మరీ వదిలేస్తే పలికేదా అని అడిగాడు. ఈ కథని అందరూ 'రిలాక్స్ అవ్వు' అని చెప్పడానికి వాడతారు. నాకు అలా అర్థం కాలేదు. తీగని వదిలెయ్యమనలేదు, శ్రుతి చెయ్యమన్నాడు. శ్రుతి అంటే వినాలి. బ్యాక్‌లాగ్స్ ఉన్నవాడికి ఒక బిగింపు కావాలి, తొమ్మిది పాయింట్ల సీజీపీఏ కోసం తిండి మానేసినవాడికి ఇంకో బిగింపు. ఇద్దర్నీ ఒకే హాల్లో కూర్చోబెట్టి ఒకే ఆడియో వినిపిస్తే ఎవరి తీగా పలకదు. సోణుడి దగ్గరకి బుద్ధుడు విడిగా వెళ్ళాడు. అతనికి తెలిసిన వీణ గురించే అడిగాడు. మన రూమ్‌మేట్ విషయంలో ఆ పని చేయగలిగింది మనమే. వాడి వీణ ఏమిటో సెషన్ ఇవ్వడానికి వచ్చినాయనకి తెలీదు, మనకి తెలుసు.

ఇందాక చెప్పిన వంటవాడి కథ కూడా ఇలాగే సగమే ప్రచారంలో ఉంది. డింగ్ అతని పేరు. పందొమ్మిదేళ్ళుగా ఒకే కత్తి, నూరే అవసరమే రాలేదు. ఎముకల మధ్య సందు ఎక్కడుందో చూసి అక్కడే కత్తి పోనిస్తాడు కాబట్టి అంచు అరగలేదు. 'బలం పెట్టకు, అదే జరుగుతుంది' అని రీల్స్‌లో చెప్పేది ఇదే. కానీ ఆ కథలోనే డింగ్ ఇంకో మాట చెప్తాడు. ముడిపడిన చోటు వచ్చిందంటే ఆగుతాడు, చూపు అక్కడే నిలుపుతాడు, చెయ్యి బాగా నెమ్మది చేస్తాడు. ఈ సగం ఎవరూ రీల్ చెయ్యలేదు.

దీన్ని అర్థం చేసుకోవడానికి చైనా పోనక్కర్లేదు. మాచర్ల దగ్గర దుర్గి శిల్పులు ఉన్నారు, ఆ రాతి పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పల్నాటి సున్నపురాయి పొరలు పొరలుగా ఉంటుంది. మన ఇళ్ళల్లో పరిచే నాపరాళ్ళు అలా పొర పట్టుకుని విడదీసినవే. అమరావతి శిల్పాలకీ పల్నాటి సున్నపురాయే వాడారు. పొర ఎటుందో చూడకుండా సుత్తి వేస్తే పలక రెండు ముక్కలు. ఇప్పుడు మన సంగతి. అర్ధరాత్రి రెండింటికి కోడ్ పనిచేయట్లేదు. ఏం చేస్తాం? ఎర్రర్ చదవకుండా అక్కడో లైను ఇక్కడో లైను మార్చి, మళ్ళీ రన్ చేసి, ఏఐకి పేస్ట్ చేసి, అది ఇచ్చింది తిరిగి పేస్ట్ చేసి, ఇలా కత్తితో ఎముకని నరుకుతూనే ఉంటాం. ఎర్రర్ మెసేజ్ మొదటి లైను నెమ్మదిగా, పూర్తిగా, చేతులు కీబోర్డు మీంచి తీసేసి చదవడం ఉందే, దాన్ని నేను తావో అంటాను. ఎవరైనా నవ్వితే నవ్వనీ.

ఇక్కడిదాకా రాసింది చాలామంది ఒప్పుకుంటారనుకుంటా. ఇకమీద రాసేది కొందరికి నచ్చకపోవచ్చు.

ఈ ధ్యానం సెషన్లలో నాకు ఇబ్బందిగా అనిపించేది ఒకటుంది. ఒత్తిడి తగ్గించుకో అంటారు, ఒత్తిడి ఎక్కణ్ణుంచి వస్తోందో అడగనివ్వరు. ఒక కాలేజీలో (పేరెందుకు) అటెండెన్స్ తగ్గితే ధ్యానం క్లాసుకి కూడా ఫైన్ వేశారని విన్నాను. ఇది జోక్ అయ్యుంటే బాగుండేది. ఉదయం ఏడు నుంచి రాత్రి పది దాకా టైమ్‌టేబుల్ పెట్టి, మధ్యలో పదిహేను నిమిషాలు ఊపిరి మీద ధ్యాస పెట్టమనడం, ఉడికిపోతున్న కుక్కర్ మీద తడిగుడ్డ వేయడం లాంటిది. మంట మాత్రం అలాగే ఉంటుంది.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల తయారీలో తప్పులు జరిగాయని ప్రభుత్వం వేసిన కమిటీయే చెప్పింది. ఆ పిల్లలకి కావాల్సింది ప్రాణాయామమా, సరైన మార్కుల మెమోనా? ఈ ప్రశ్న అడిగితే 'నెగెటివిటీ' అంటారు. బుద్ధుడి మొదటి పాఠం మాత్రం అదే పద్ధతిలో నడుస్తుంది: దుఃఖం ఉందని ఒప్పుకో, దానికి కారణం వెతుకు, కారణం పోతే అదీ పోతుందని తెలుసుకో, పోగొట్టే దారిలో నడువు. మన భాషలో ఇది రూట్ కాజ్ అనాలిసిస్. కారణం వెతకొద్దు, ప్రశాంతంగా ఉండు అని ఆయన ఎక్కడా చెప్పలేదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ లక్షలాది మందితో బౌద్ధం తీసుకున్నది ప్రశాంతంగా భరించడం నేర్చుకోవడానికి కాదు. మనిషి మనిషిని అణిచే దుఃఖం కూడా దుఃఖమేనని, దాని కారణం తియ్యడం ధమ్మంలో భాగమని ఆయన చదువుకున్నాడు. విధికుడి పలక పక్కన నిలబడి ఆలోచిస్తే ఆ మాట నాకు కొత్తగా అనిపించదు.

దీనికి ఎదురు వాదన ఉంది, అది బలమైనదే. వ్యవస్థ మారేదాకా ఆగుతామా, ఈ రాత్రి నిద్ర పట్టనివాడి సంగతేంటి అని. నిజం. ఈ రాత్రి నిద్ర పట్టనివాడికి ఊపిరి గమనించడం సాయం చేయొచ్చు, పక్కన కూర్చునే మనిషి తప్పకుండా సాయం చేస్తాడు. మనసు మరీ చీకటిగా ఉంటే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ధ్యానం వైద్యానికి బదులు కాదు. నేను వద్దంటున్నది ధ్యానాన్ని కాదు, ధ్యానాన్ని నోరు మూయించడానికి వాడటాన్ని.

బాగా లోతుగా చూడాలనుకునేవాళ్ళకి దారి ఉంది. గోయెంకా గారు 1969లో బర్మా నుంచి వచ్చి నేర్పిన విపశ్యన పది రోజుల శిబిరం హైదరాబాద్ వనస్థలిపురం దగ్గర ధమ్మఖేత్తలో 1976 నుంచి నడుస్తోంది. పొద్దున నాలుగింటికి లేవాలి, మాట్లాడకూడదు, ఫోన్ ఇచ్చెయ్యాలి. ఫీజు లేదు, పాత విద్యార్థుల విరాళాలతో నడుస్తుంది. గమనించండి, అక్కడ కూడా మొదటి రోజు చేసేది ఐదు శీలాలు తీసుకోవడమే, అబద్ధం ఆడనని, దొంగతనం చెయ్యనని. అక్కడా యమమే ముందు. ఈ ఒక్క విషయంలో మాత్రం యోగం, బౌద్ధం కలిశాయి.

ఇక మన బ్రాంచీలందరికీ తగిలే చోటు ఇంకొకటి మిగిలింది. అష్టాంగ మార్గంలో 'సమ్మా ఆజీవం' అని ఉంది, సరైన బతుకుతెరువు. బుద్ధుడు ఆయుధాలు, మనుషులు, మాంసం, మత్తు, విషం, ఈ ఐదు వ్యాపారాలూ వద్దన్నాడు. ఇప్పుడైతే ఆ జాబితాలో ఏం చేరేవి? 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ చట్టం చేసింది. అంతకు ముందు ఏళ్ళ తరబడి ఆ యాప్‌లు రాసింది ఎవరు? మనలాంటి ఇంజనీర్లే. లోన్ యాప్ ఫోన్‌లోని కాంటాక్ట్స్ అన్నీ లాక్కుని, అప్పు తీసుకున్నవాడి బంధువులకి ఫొటోలు పంపిస్తుంటే, ఆ కాంటాక్ట్స్ పర్మిషన్ కోడ్ ఏదో ఒక కాలేజీలో క్యాంపస్ సెలక్షన్ అయిన కుర్రాడో అమ్మాయో రాసిందే. ఆ ఆఫీసులో బుధవారం సాయంత్రాలు యోగా క్లాస్ కూడా ఉండే ఉంటుంది.

ప్యాకేజీ ఎంత అని అడుగుతాం. ఆ కంపెనీ ఏం అమ్ముతుంది అని ఇంటర్వ్యూ చివర్లో, 'ఎనీ క్వశ్చన్స్?' అన్నప్పుడు, అడిగేవాళ్ళు ఎంతమంది? ఇంట్లో అప్పులున్నవాడిని, వచ్చిన ఒక్క ఆఫర్‌ని వదులుకోమని నేను చెప్పను, ఆ హక్కు నాకు లేదు. రెండు ఆఫర్లు ఉన్నవాళ్ళు, ఇంట్లో ఇబ్బంది లేనివాళ్ళు మాత్రం ఆ ప్రశ్న అడగాలి. మనలో వాళ్ళూ తక్కువేమీ లేరు.

ఆచరణకి వస్తే, మా ఫ్లోర్‌లో మేం కొందరం ఈ సెమ్ నుంచి ఒక చిన్న పని పెట్టుకున్నాం. రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్లు ఒక బకెట్లో వేసి (ఖాళీ బకెట్ లెండి) అరగంట ఒకే గదిలో కూర్చోవడం. ధ్యానం తప్పనిసరి కాదు. ఇద్దరు కళ్ళు మూసుకుంటారు, ఒకడు బట్టలు మడతపెట్టుకుంటాడు, ఇంకొకడు ఇంటి నుంచి వచ్చిన చేగోడీలు నములుతాడు. చివర్లో ఎవరికైనా ఏమైనా చెప్పాలనుంటే చెప్తారు. రెండు వారాల్లో బయటికొచ్చిన విషయం ఏంటంటే, మెస్ ఫీజు కట్టలేక ఒకడు నెల నుంచి పొద్దున టిఫిన్ మానేశాడు. అంతకు ముందు సెషన్లో వాడు మా పక్కనే కూర్చుని కళ్ళు మూసుకునే ఉన్నాడు, ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు ఫీజు సంగతి ఆరుగురం కలిసి వార్డెన్ గారి దగ్గరకి వెళ్ళి మాట్లాడాం. వాయిదాల్లో కట్టుకోవడానికి ఒప్పుకున్నారు.

అమరావతి ట్రిప్ గురించి క్లబ్ గ్రూప్‌లో పెట్టాను. నవకమ్మికుడి సంగతి చెప్పాక సివిల్ వాళ్ళు ఇప్పటికే పన్నెండు మంది పేర్లిచ్చారు, మిగతా బ్రాంచీల నుంచి ఇంకా రావాలి. ధరణికోట దిబ్బ దగ్గర నీడ ఉండదు, టోపీ, నీళ్ళు తెచ్చుకోండి. బ్రాహ్మీ అక్షరమాల ప్రింటవుట్ నేను తెస్తాను, మ్యూజియంలో ఎవరైనా ఒక్క పేరైనా కూడబలుక్కుని చదివితే చాలు. శుక్రవారం మ్యూజియానికి సెలవు కాబట్టి ఆదివారమే వెళ్తున్నాం.